కిత్తనార ఉయ్యాల

తిప్పయ్య గౌస్ పీర్‌తో మాట్లాడి నాలుగేళ్లయింది. ఇద్దరి ఇళ్లూ ఎదురెదురుగానే ఉన్నాయి. పొద్దున్నే ఇద్దరూ ఒకే వేళకు వేపపుల్ల నములుతారు, ఒకే వేళకు ఉమ్ముతారు. మాట మాత్రం లేదు. తిప్పయ్య మరిచిపోయే మనిషి కాదు. క్షమించే మనిషి అంతకన్నా కాదు. ఆ సంగతి ఊరికి తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ విషయంలో ఆయనకు కాస్త గర్వం కూడా ఉంది.

తగువుకు కారణం ఒక తాడు.

చేనిగట్ల మీద కంచెలా పెరిగే ముళ్ల కిత్తలి నుంచి నార తీసి తాళ్లు పేనడంలో ఒకప్పుడు ఆ ఇద్దరి తరువాతే ఎవరైనా. తిప్పయ్య, ఆయన భార్య యశోదమ్మ, గౌస్ పీర్ ముగ్గురూ ఒక వరసలో కూర్చుని పేనేవాళ్లు. విడపనకల్లు చుట్టుపక్కల ఎద్దుల పగ్గాలూ బావి మోకులూ వాళ్ల చేతుల మీదుగా పోయినవే. తరువాత ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. బావులు ఎండి బోర్లు వచ్చాయి. బళ్లారి నుంచి నైలాన్ తాడు వచ్చింది. గౌస్ పీర్ చిల్లర అంగడి పెట్టి, నైలాన్ చుట్టలు గుమ్మానికి వేలాడదీశాడు. దాన్ని కూడా తిప్పయ్య ఎలాగో మింగాడు.

కానీ యశోదమ్మ పోయిన రోజు పాడె కట్టడానికి చూస్తే ఇంట్లో మూరెడు నారతాడు లేదు. గౌస్ పీర్ అంగట్లోకి పరుగెత్తి, పచ్చ నైలాన్ చుట్ట తెచ్చి, ఏడుస్తూ ముడులు తానే వేశాడు. బతుకంతా కిత్తనార పేనిన ఆడమనిషి పచ్చ నైలాన్ కట్టుకుని వెళ్లిపోయింది. ఆ పచ్చరంగు తిప్పయ్య కళ్లలోంచి పోలేదు. ఆ సాయంత్రం నుంచి మాట బంద్.

రెండువేల మూడులో ఆషాఢం సగమైనా చినుకు లేదు. విత్తనం వేరుశనగ మూటల్లోనే ఉంది. చేలల్లో పని లేక జనానికి తీరిక ఎక్కువైంది. ఆ తీరికలో అనంతపురం నుంచి నందిని అనే అమ్మాయి వచ్చింది. పాత చేతిపనులను ఊరివాళ్లే ఊరివాళ్లకు నేర్పుకునే శిబిరాలు పెడుతుంది ఆమె. ఒక ఊళ్లో ఈతచాపలు, ఇంకో ఊళ్లో బొంతలు. పొదుపు సంఘం ఆడవాళ్లను కూర్చోబెట్టి, మీ ఊరి పనేమిటని అడిగింది.

సంఘానికి పెద్ద గౌస్ పీర్ భార్య మేరాజ్ బీ. "మా ఊర్లో ఏముండాదమ్మా, రాళ్లు, కిత్తలి" అంది ఆమె.

"కిత్తలితో ఏం చేసేవాళ్లు?"

ఆడవాళ్లందరికీ ఒకేసారి ఉయ్యాల గుర్తొచ్చింది. కన్నడ పొలిమేర ఊళ్లు కాబట్టి నాగులపంచమికి ఇక్కడ ఉయ్యాల పెద్ద పండుగ. పుట్టకు పాలు పోసి, నువ్వుల చిమ్మిలి ముద్దలు కొంగులో కట్టుకుని, సాయంత్రం దాకా ఊగాల్సిందే. గొర్రెలు మేపే బయ్యన్న దొడ్లో వేపచెట్టు కొమ్మకు కిత్తనార మోకు వేసేవాళ్లు. యశోదమ్మ ఊగితే ఎదురుకొమ్మ చివర చిగురును కాలితో తన్ని వచ్చేది. ఆమె పోయాక బయ్యన్న నైలాన్ తాడు కట్టాడు. అది సాగింది. కిందటేడు అతని మరదలు ఊగితే పలక నేలకు గీసుకుంది, అరచేతులు కోసుకుపోయాయి. అప్పటి నుంచి ఆ ఉయ్యాలను ఎవరూ ముట్టుకోలేదు.

"ఈ పంచమికి నారతాడు ఉయ్యాల కట్టాల" అన్నారు ఆడవాళ్లు.

నందిని తిప్పయ్య ఇంటికి వచ్చింది. ఆయన గడప మీద కూర్చుని ఉన్నా, ఆమెను కూర్చోమనలేదు.

"నేను ఎవురికీ ఏమీ నేర్పేది లేదు" అన్నాడు.

"సరేనండి. గౌస్ పీర్ గారు నేర్పుతానన్నారు. ఆయనతోనే కానిస్తాం."

తిప్పయ్య లేచి నిలబడ్డాడు. "ఎవురు? ఆ పచ్చతాడోడా? వాడు నేర్పేదేందమ్మా? నైలాన్ చుట్ట విప్పేది నేర్పుతాడా?"

"ఏమో, నాకేం తెలుసు? మీ ఇద్దరిలో పని ఎవరిదో మీరే చెప్పాలి."

ఆ పిల్ల కాస్త గడుసుదని తిప్పయ్యకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యేసరికి ఒప్పుకుని ఉన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. "వాని నీడ పడే కాడ నేను కూసోను."

అట్లా శిబిరం రెండు ముక్కలైంది. మొగవాళ్లకు వేపచెట్టు కింద తిప్పయ్య, ఆడవాళ్లకు సంఘం వసారాలో గౌస్ పీర్. మధ్యలో వీధి. మోకుకు కావలసిన మూడు పేటల్లో, అంటే పాయల్లో, రెండు ఇటు, ఒకటి అటు. పంచమికి ముందు మూడూ కలిపి మోకు చెయ్యాలి.

మొదటిరోజు అందరూ చెట్టు చుట్టూ చేరినప్పుడు తిప్పయ్య చెప్పాల్సింది చెప్పేశాడు.

"ఆయమ్మ ఊగిన కొమ్మ అది. దానికి ఈసారి నారే ఎక్కాల. నైలాన్ ఎక్కితే కొమ్మ నరికేస్తా."

"చెట్టు నాది మామా" అన్నాడు బయ్యన్న.

"చెట్టు నీదే పెట్టుకో. కొమ్మ నరుకుతా."

బయ్యన్న నవ్వి ఊరుకున్నాడు గానీ, నైలాన్ చుట్ట ఒకటి తెచ్చి గొర్రెలదొడ్డి గుంజకు తగిలించాడు. "నీ మోకు తెగితే పండగ ఆగకూడదు గదా" అన్నాడు. పనిచేస్తున్నంతసేపూ ఆ పచ్చచుట్ట తిప్పయ్యకు ఎదురుగానే వేలాడింది.

కిత్తలి ఆకులు కోసుకొచ్చి, చితక్కొట్టి, బయ్యన్న బోరు దగ్గర రాతితొట్టిలో నానేశారు. నాలుగోరోజుకు ఆ కంపు ఊరంతా తిరిగింది. గొర్రెలు ఆ తొట్టి వైపు మూతి పెట్టలేదు. విడపనకల్లు బస్సు కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమప్పా, ఊర్లో ఎవురన్నా సచ్చినారా?" అని అడిగాడు. "ఇంగా లేదు, దిగి రా, నిన్నే తీసుకపోతాం" అన్నాడు తిప్పయ్య. ఆయన నోట హాస్యం విని చాలా రోజులైంది కాబట్టి జనానికి నవ్వాలో వద్దో వెంటనే తేలలేదు.

కంపుకు తోడు దురద. కిత్తలి రసం తగిలిన చేతులు మొగవాళ్లు గోడలకేసి రుద్దుకున్నారు. నార ఆరబెట్టి, దువ్వి, తొడమీద పెట్టి అరచేత్తో ముందుకు తోస్తూ పేనడం మొదలైంది. తిప్పయ్య నేర్పే తీరు ఆయన తీరే.

"అది పేటనా, చిక్కుబడిన జడనా? విప్పు."

"ఇప్పుడేగదా చిన్నాయనా విప్పినాను."

"మళ్లీ విప్పు. చేతులు పెండ్లికి పోయినాయా?"

ఎవడు ఏం చేసినా విప్పమనేవాడు. అయినా మరుసటిరోజు ఒక్కడూ మానలేదు. వీధి అవతల వసారాలోంచి మాత్రం రోజంతా నవ్వులే. గౌస్ పీర్ ఆడవాళ్లకు టీ పెట్టిస్తున్నాడట. ఒకామె పేట మధ్యలో మందమైతే "కొండచిలువ కోడిని మింగినట్టుండాది" అన్నాడట. తిప్పయ్య ఆ నవ్వుల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. వీపుకు కూడా చెవులున్నాయని ఆయన శిష్యులు గమనించారు.

పంచమి దగ్గరపడింది. మూడు పేటలూ వేపచెట్టు కిందికి వచ్చాయి. ఆడవాళ్లు పేనిన పేటను మేరాజ్ బీ పెళ్లికూతురి నగల్లా రెండు చేతులతో పట్టుకొచ్చింది. వెనకాలే గౌస్ పీర్ వచ్చి దూరంగా, తన నీడ ఎటు పడుతుందో చూసుకుని నిలబడ్డాడు.

పేటల మొదళ్లు ఒక రాతిగుంజకు కట్టి, కొసలు పట్టుకుని అందరూ కలిసి మోకు తిప్పారు. రెండు పేటలు చక్కగా ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. మూడోది మాత్రం ఒకచోట ముడి పడింది, ఇంకోచోట పడగెత్తినట్టు లేచింది. లాగి సరిచేస్తే మరోచోట లేచింది.

"మామా, పంచమికి నాగప్ప ముందే వచ్చేసినట్టుండాడు" అన్నాడు బయ్యన్న.

ఎలాగో చివరిదాకా తిప్పారు. కొమ్మ మీద వేసి, బయ్యన్నను పట్టుకుని వేలాడమన్నారు. అతను వేలాడాడు. మోకు తెగలేదు. అంతకన్నా సిగ్గుచేటు పని చేసింది. నిమ్మళంగా, వక్కాకు సంచి విప్పినట్టు, మూడు పేటలుగా విడిపోయింది. బయ్యన్న పిరుదులు నేలకు తగిలాయి.

నవ్వులు ఆగాక అందరూ ఆ ఇద్దరి వైపు చూశారు.

"మేరాజ్ బీ" అన్నాడు తిప్పయ్య, గౌస్ పీర్ పక్కన నిలబడి ఉండగానే, "నీ మొగునికి చెప్పు. నావి రెండు పేటలూ బాగుండాయి. ఆయనదే చెడింది."

"మేరాజ్, ఆయనకు చెప్పు" అన్నాడు గౌస్ పీర్. "మా పేట అద్దంలా ఉండాది. మోకు తిప్పినోళ్లదే తప్పు."

"నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది మేరాజ్ బీ.

నిజానికి గౌస్ పీర్ అన్నదీ అబద్ధం కాదు. విడిగా చూస్తే ఆడవాళ్ల పేట మొగవాళ్లదానికన్నా నునుపుగా ఉంది. అది తిప్పయ్యకు ఇంకా మండింది. దొడ్డిగుంజకు పచ్చచుట్ట వేలాడుతోంది. బయ్యన్న దుమ్ము దులుపుకుంటూ దాని వైపే నడిచాడు. అతను చుట్ట దించి భుజాన వేసుకోవడం తిప్పయ్య చూశాడు. ఆ కొమ్మ మీద కూడా పచ్చరంగే ఎక్కుతుంది.

నందిని అంతసేపూ నేలమీద కూర్చుని, విడిపోయిన కొసలు పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. "బయ్యన్నా, ఒక్క నిమిషం ఆగండి" అంది. "తిప్పయ్య గారూ, ఇవి చూడండి. మీ పేటల్లో గీతలు ఇటు వాలాయి. వీళ్లదాంట్లో అటు వాలాయి."

తిప్పయ్య వంగి చూశాడు. ఆ పిల్ల చెప్పింది నిజమే. మెలి ఎదురు తిరిగింది. ఒకే దిక్కుకు మెలిపడ్డ పేటలు కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒక్కటి ఎదురు తిరిగినా మిగతా రెంటినీ విడగొడుతుంది.

"మేరాజ్ బీ, ఒకసారి పేనమ్మా" అన్నాడు.

మేరాజ్ బీ కూర్చుని, నార తీసుకుని, ఎడమ తొడమీద పెట్టి ఎడమచేత్తో ముందుకు తోసింది. తక్కిన ఆడవాళ్లూ అంతే. వరసగా అందరూ ఎడమచేత్తోనే.

"ఎడమచేయి ఎందుకు?"

"అన్నం తినే చేతికి కిత్తలి దురద అంటకూడదని ఈయన చెప్పినాడు. మాకు రావట్లేదంటే, ఈ పనికి ఎడమచెయ్యే అన్నాడు."

గౌస్ పీర్ పుట్టుకతో ఎడమచేతివాటం. ఆ దురద సంగతి చిన్నప్పుడు వాళ్ల నాయన ఎగతాళికి చెప్పిన మాట. ఆయన దాన్ని శాస్త్రంలా పట్టుకుని, అంతమంది ఆడవాళ్ల కుడిచేతులనూ పక్కన పెట్టించాడు.

కానీ తిప్పయ్యకు ఇంకో అనుమానం వచ్చింది. గౌస్ పీర్ తన పక్కన ఏళ్లతరబడి పేనాడు. ఎడమచేత్తోనే పేనాడు. అప్పుడు ఒక్క మోకు కూడా ఎందుకు విడిపోలేదు?

గౌస్ పీర్ కూడా అదే అనుమానంతో కాబోలు, నేలమీద చతికిలబడి, నార తీసుకుని తొడమీద పెట్టుకున్నాడు. ఎడమ అరచేయి పైకి లేచింది. ఆ చేతిని చూస్తుంటే తిప్పయ్యకు యశోదమ్మ వినిపించింది. పొద్దున్నే పని మొదలయ్యేటప్పుడు, తన పని తాను చూసుకుంటూ, తల తిప్పకుండా ఆమె గౌస్ పీర్‌కు ఒక మాట చెప్పేది. రోజూ చెప్పేది. కాకి అరుపు విన్నట్టు తిప్పయ్య రోజూ విని వదిలేశాడు. అది ఎందుకు చెప్పేదో ఒక్కనాడూ అడగలేదు. ఎడమచేత్తో ముందుకు తోస్తే మెలి ఎదురు తిరుగుతుంది, తన వైపుకు లాక్కుంటే సరిగ్గా పడుతుంది. ఇద్దరి చేతులనూ ఒక దారిన నడిపింది ఆమె. ఆమె పోయాక గౌస్ పీర్‌కు చెప్పేవాళ్లు లేరు.

"మేరాజ్ బీ" అన్నాడు తిప్పయ్య. "నీ మొగునికి చెప్పు..."

"పొయ్యి మీద పప్పు పెట్టొచ్చినా" అంది మేరాజ్ బీ. లేచి, కొంగు దులుపుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆ రోజు పప్పు లేదని తరువాత తెలిసింది.

తిప్పయ్య నందిని వైపు చూశాడు. ఆమె వేపచెట్టు మీద ఏదో పిట్టను వెతుక్కుంటోంది. బయ్యన్న భుజాన పచ్చచుట్టతో చూస్తున్నాడు. ఊరంతా చూస్తోంది. గౌస్ పీర్ చేయి ముందుకు తోయబోతోంది.

"పీరన్నా" అన్నాడు తిప్పయ్య. "కడుపు తట్టుకు లాగు."

ఆ పిలుపు ఆయనది కాదు. గౌస్ పీర్‌ను పీరన్నా అని పిలిచేది యశోదమ్మ ఒక్కతే. గౌస్ పీర్ చేయి ఆగిపోయింది. తరువాత అరచేతిని కడుపు వైపుకు లాక్కున్నాడు. మెలి సరిగ్గా పడింది.

"మర్చేపోయినా" అన్నాడు చిన్నగా. "రోజూ ఆయమ్మ చెప్తాండె గదా."

ఆయన ముక్కు చీదబోతుంటే తిప్పయ్య అడ్డుకున్నాడు. "ఏడ్చేదానికి టైం లేదు. పంచమి ఎల్లుండి. పేట విప్పు."

పేట విప్పారు. వసారా మూతపడింది. ఆడామగా అందరూ వేపచెట్టు కిందికే చేరారు. ఆడవాళ్లకు కుడిచేతులు తిరిగి వచ్చాయి, పని పరుగెత్తింది. ఎడమచేత్తోనే బాగా అలవాటైందన్న ఒకరిద్దరు గౌస్ పీర్ పక్కన కూర్చుని కడుపు వైపుకు లాక్కున్నారు. మొగవాళ్ల పేటలు ఎంత గరుకో ఆడవాళ్లు చేత్తో తడిమి మరీ చెప్పారు. తిప్పయ్య వాళ్లకూ విప్పమని చెప్పబోయి, తప్పు దొరక్క ఊరుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ తిరిగి గౌస్ పీర్ నీడ వచ్చి తిప్పయ్య కాలి మీద పడింది. ఆయన కాలు తీసుకున్నాడు. నీడ మళ్లీ వచ్చింది. మళ్లీ తీసుకున్నాడు. మూడోసారి విసుగేసింది. పని మధ్యలో ఎన్నిసార్లని జరుగుతాడు? కాలు అక్కడే ఉంచాడు.

పంచమినాడు మోకు కొమ్మెక్కింది. బయ్యన్న వేలాడాడు, అతని తమ్ముడు వేలాడాడు, ఇద్దరూ కలిసి వేలాడారు. మోకు కిర్రుమంది తప్ప కదల్లేదు. బయ్యన్న తిరిగి గుంజకు తగిలించి ఉంచిన నైలాన్ చుట్టను తీసి, ఎవరూ చెప్పకుండానే గొర్రెలదొడ్డి లోపలికి విసిరేశాడు.

కానీ ఆడవాళ్లు ఊగడానికి ఇంకో అడ్డముంది. మోకు పేనిన చేతులే ముందు ఎక్కాలని ఆ ఊరి కట్టు. తాడు మంచిదో కాదో పేనినవాడి ప్రాణం మీదే తేలాలి.

"ఎక్కండి ఇద్దరూ" అంది మేరాజ్ బీ.

గౌస్ పీర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు ఉయ్యాలంటే కండ్లు తిరుగుతాయి. నాకు బదులు యశోదమ్మే ఎక్కేది."

"ఇప్పుడు యాడ నుంచి తెస్తావు ఆయమ్మను?" అన్నాడు తిప్పయ్య. "ఎక్కు."

ఇద్దరూ పలక మీద ఎదురెదురుగా నిలబడ్డారు. ముఖాలు దగ్గరగా వచ్చాయి. నాలుగేళ్లలో ఎదుటివాడు ఎంత ముసలివాడయ్యాడో ఇద్దరూ చూసుకున్నారు. బయ్యన్న వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. గౌస్ పీర్ కళ్లు మూసుకుని అల్లాను తలుచుకున్నాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"తిప్పయ్యన్నా" అన్నాడు గౌస్ పీర్ కళ్లు తెరవకుండా. "నన్ను మాఫ్ చేసినావా?"

"లేదు."

పలక పైకిపోయి కిందికొచ్చింది.

"ఇప్పుడు?"

"ఆ పచ్చతాడు నేను సచ్చినా మర్చిపోను. మోకాళ్లు వంచు. చిగురు అందాల."

గౌస్ పీర్ మోకాళ్లు వంచాడు. తిప్పయ్యా వంచాడు. ఉయ్యాల లేచింది, ఇంకా లేచింది. మోకు బిగిసి, కొమ్మతో కలిసి ఊగింది. చిట్టచివరికి ఎదురుకొమ్మ చిగురు గౌస్ పీర్ వీపుకు తగిలింది. ఆయన పామనుకుని కేక వేశాడు. కాలితో తన్నాల్సిన చిగురును వీపుతో తన్నిన మొదటి మనిషిగా ఆ ఊళ్లో ఆయన పేరు నిలిచిపోయింది.

దిగాక ఆడవాళ్లు ఉయ్యాలను లాగేసుకున్నారు. నందిని కూడా ఎక్కింది. నోటినిండా చిమ్మిలితో ఎక్కింది కాబట్టి అరవలేకపోయింది.

మోకు కొసన మిగిలిన ముక్కను తిప్పయ్య కొడవలితో కోసి, చుట్టచుట్టి గౌస్ పీర్ చేతిలో పెట్టాడు.

"ఇది నీ అంగట్లో పెట్టుకో. అమ్మేది కాదు. నాకు పాడె కట్టేటప్పుడు ఇదే కట్టాల."

గౌస్ పీర్ ఆ ముక్కను రెండు చేతులతో అందుకున్నాడు. తరువాత చుట్ట విప్పి, అంగడివాడి అలవాటు కొద్దీ మూరవేసి చూశాడు. తిప్పయ్యను కాళ్ల నుంచి తలదాకా చూశాడు.

"చాలదు తిప్పయ్యన్నా. నువ్వు పొడుగు మనిషివి."

తిప్పయ్య కూడా తాడును చూశాడు. ఆ మాట నిజమే.

"అయితే రేపు పొద్దున్నే రా" అన్నాడు. "ఇంగో పేట పేనుదాం."